ఈమ్ ఊళ్లో ఒక ఆదివారం

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ కొండల నడుమ ఉన్న ఈ పల్లె పేరును ‘ఈమ్’ అని పలకాలి. ప్లేగు ఊరుగా పేరుపడింది. చాలామంది షెఫీల్డ్‌లో బస చేసి, పగలు వచ్చి, మ్యూజియం, ప్లేగు ఇళ్లు చూసి వెళ్లిపోతారు. నా మాట వింటే శనివారం రాత్రికే ఊరు చేరండి. ఆదివారం ఆరాధనలో కూర్చోకపోతే ఈమ్‌ను సగమే చూసినట్టు.

మేము చర్చికి దగ్గరలోని చిన్న అతిథి గృహంలో దిగాం. గది శుభ్రంగా ఉంది, ఉదయపు ఫలహారం బాగుంది. రాత్రి భోజనం ఉండదన్న సంగతి మాత్రం మేము చేరాకే చెప్పారు. ఆ రాత్రి బిస్కట్లతో సరిపెట్టుకున్నాం. షెఫీల్డ్ హోటళ్లలో ఈ ఇబ్బంది ఉండదు గాని, ఆదివారం బస్సులు తక్కువ కాబట్టి ఉదయపు ఆరాధనకు అందుకోవడం కష్టం. ఇంగ్లండ్ పల్లెల్లో తరచుగా ఒకే గురువు రెండు మూడు చర్చిలు చూసుకుంటారు. ఆరాధన వేళను ముందే కనుక్కోండి.

సెయింట్ లారెన్స్ చర్చిలో ఆ రోజు ముప్పై మందిమి కూడా లేము. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) చర్చిలో పెరిగిన నాకు ఆరాధన క్రమం కొత్త కాలేదు. చెక్క పలక మీద కీర్తనల అంకెలు చూసి నేను పేజీలు తిప్పుతుంటే, పక్కనున్న పెద్దావిడ తన పుస్తకాన్నే తెరిచి నా చేతిలో పెట్టింది. ‘మీకు సమాధానం (శాంతి) కలుగును గాక’ అని ఒకరికొకరు చెప్పుకునే సమయంలో అందరూ బెంచీలు దాటి వచ్చి కరచాలనం చేశారు. ఆవిడ నా చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

సరిగ్గా ఈ దగ్గరితనాన్నే ప్లేగు నాటి ఊరివాళ్లు వదులుకున్నారు. 1665 సెప్టెంబరులో లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో ప్లేగు ఊళ్లోకి వచ్చిందని చెబుతారు. మరుసటి ఏడు రెక్టర్ (ఊరి చర్చి గురువు) విలియం మాంపెసన్, ఆయనకు ముందు ఆ పదవిలో ఉన్న థామస్ స్టాన్లీ కలిసి, రోగం పొరుగూళ్లకు పాకకుండా ఎవరూ ఊరు దాటకూడదని జనాన్ని ఒప్పించారు. ఇంగ్లండ్ సంఘపు 1662 నాటి ప్రార్థన పుస్తకాన్ని అంగీకరించక పదవి పోగొట్టుకున్నవాడు స్టాన్లీ; దాన్ని అంగీకరించినవాడు మాంపెసన్. అలాంటి ఇద్దరు చేతులు కలపడం నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది. చర్చి మూసేసి, కుక్లెట్ డెల్ఫ్ అనే లోయలో కుటుంబానికి కుటుంబం ఎడంగా నిలబడి ఆరాధన చేసుకున్నారు. దాదాపు 260 మంది పోయారని లెక్క. వారిలో మాంపెసన్ భార్య కేథరిన్ ఒకరు. ఆమె సమాధి చర్చి ఆవరణలోనే, పాత శాక్సన్ శిలువకు దగ్గరలో ఉంది. ఏటా ఆగస్టు చివరి ఆదివారం ఆ లోయలోనే స్మారక ఆరాధన జరుగుతుంది. కుదిరితే ఆ రోజుకే వెళ్లండి.

ప్రభురాత్రి భోజన సంస్కారం (రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం) విషయం అడిగేవారికి: బాప్తిస్మం పొంది, సొంత సంఘంలో ఆ సంస్కారంలో పాల్గొనేవారిని ఇక్కడా చేరనిస్తారు. తీసుకోనివారు ముందుకు వెళ్లి ఆశీర్వాదం పొందవచ్చు. ఆరాధన అయ్యాక టీ ఇచ్చారు. తొందరపడి లేచిపోకండి, ఊరి సంగతులన్నీ అక్కడే తెలుస్తాయి.

సరిహద్దు రాయి దగ్గరకు వెళ్లమని చెప్పింది ఆ పెద్దావిడే. స్టోనీ మిడిల్టన్ వైపు పొలాల మధ్య నడిచి వెళ్లాలి, బురద ఉంటుంది, మంచి బూట్లు వేసుకోండి. పొరుగూరి వాళ్లు తెచ్చిపెట్టే తిండికి ఈమ్ జనం ఈ రాతి గుంటల్లో, అంటు పోవాలని, వెనిగర్ పోసి, అందులో నాణేలు వేసేవారట. మేము చూసినప్పుడు ఆ గుంటల్లో వాన నీళ్లున్నాయి. అడుగున ఎవరో వేసిన కొత్త నాణేలు కనిపించాయి.