పవర్‌టాప్: ప్రాసెసర్‌ని నిద్రపోనివ్వనిది ఎవరో పట్టిచ్చే సాఫ్ట్‌వేర్

లైనక్స్ ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ నిలవడం లేదని బాధపడేవాళ్లు సెట్టింగులు మార్చే ముందు ఇన్‌స్టాల్ చేసుకోవాల్సింది పవర్‌టాప్. ఇంటెల్ 2007లో విడుదల చేసిన ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామ్ ఇది. పైసా ఖర్చు లేదు, దాదాపు అన్ని డిస్ట్రోల్లోనూ (ఉబుంటు, ఫెడోరా లాంటి లైనక్స్ రకాల్లో) దొరుకుతుంది.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. క్లాసు గదుల్లో ప్లగ్ పాయింట్ పనిచేస్తుందన్న నమ్మకం లేదు కాబట్టి నా సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ సాయంత్రం దాకా బ్యాటరీ మీదే నడవాలి. ఐదో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, సాటా కేబుల్ పద్ధతిలో కలిపే ఎస్‌ఎస్‌డీ డిస్కు. తెర మీద ఒక పీడీఎఫ్ తెరిచి వదిలేసినా ఏడున్నర వాట్లు లాగేసేది. అంత కరెంటు ఎక్కడికి పోతోందో నాకు పవర్‌టాప్ చూపించింది.

రూట్‌గా (అంటే అడ్మిన్ అధికారంతో) నడిపి, ట్యాబ్ నొక్కి 'ఐడిల్ స్టాట్స్' పేజీకి వెళ్లండి. ఈ ప్రోగ్రామ్ విలువంతా అక్కడే ఉంది. పని లేనప్పుడు ప్రాసెసర్‌లోని ఒక్కో కోర్ సీ1, సీ3, సీ6, సీ7 అంటూ నిద్రలోకి దిగుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ కరెంటు తగ్గుతుంది, మేలుకోవడానికి పట్టే సమయం పెరుగుతుంది. నా కోర్లు తొంభై శాతం పైగా సీ7లోనే ఉన్నాయి. కోర్ల వరకే చూసి ఉంటే అంతా బాగుందనుకునేవాణ్ణి. పక్కనే ఉన్న ప్యాకేజీ కాలమ్‌లో, అంటే మొత్తం చిప్ నిద్రను పీసీ3, పీసీ7 లాంటి మెట్లుగా చూపే చోట, మాత్రం పీసీ3 దాటి కిందికి అంతా సున్నాలే. ఇంట్లో ఒక్కరు మేలుకుని ఉన్నా హాల్లో లైటు ఆర్పలేనట్టు, ఒక్క పరికరం ఒప్పుకోకపోయినా మొత్తం చిప్ లోతు నిద్రకు వెళ్లదు.

నా దగ్గర ఆ పరికరం సాటా లింక్, అంటే డిస్కుని మిగతా కంప్యూటర్‌తో కలిపే దారి. 'ట్యూనబుల్స్' పేజీలో దాని ఎదురుగా 'బ్యాడ్' అని ఉంది. ఎంటర్ కొడితే 'గుడ్' అయింది, ప్యాకేజీ పీసీ7కి దిగింది, ఖర్చు ఆరు వాట్లకు వచ్చింది. ఫెడోరా వాళ్లు 2018లో, 28వ వెర్షన్ నుంచి, ల్యాప్‌టాప్‌లలో సాటా లింక్ కరెంటు పొదుపు సెట్టింగును డిఫాల్ట్‌గా ఆన్ చేశారు. దీనివల్ల ఒకటి నుంచి ఒకటిన్నర వాట్లు మిగులుతాయని అప్పట్లో చెప్పారు. నా లెక్క కూడా దానికి సరిపోయింది.

ఎంటర్ కొట్టగానే, తాను ఏ కమాండ్ నడిపిందో పవర్‌టాప్ పైన ఒక వరుసలో చూపిస్తుంది. ఆ వరుస తప్పకుండా చదవండి. సాటా విషయంలో అక్కడ 'మిన్ పవర్' (అన్నిటికంటే ఎక్కువ పొదుపు) అని కనబడితే వదిలేసి, 'మెడ్ పవర్ విత్ డిఐపీఎం' (మధ్యస్థ పొదుపు) అని మీరే పెట్టుకోండి. మిన్ పవర్‌తో కొన్ని డిస్కుల్లో డేటా పాడైన సందర్భాలున్నాయి. డేటా కంటే అర వాటు ఎక్కువ కాదు.

ఇక లోపాలు. రీబూట్ చేస్తే మార్పులన్నీ పోతాయి. అన్నింటినీ ఒకేసారి మార్చే 'ఆటో ట్యూన్' ఉంది గానీ, అది యూఎస్‌బీ మౌస్‌ని కూడా నిద్రపుచ్చుతుంది. మౌస్ రెండు సెకన్లు కదపకపోతే ఆగిపోయి, మళ్లీ క్లిక్ చేస్తే గానీ లేవదు. ఆటో ట్యూన్‌ని కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ నడిచేలా పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఒక్కొక్కటి మార్చి, వాట్లు చూసి, పనికొచ్చినవాటినే యూడెవ్ రూల్‌గా (పరికరం కనబడగానే లైనక్స్ తానే అమలు చేసే నియమంగా) రాసుకోవడం మంచిది. అంత ఓపిక లేనివాళ్లకు, ఇలాంటి పొదుపు సెట్టింగులను తానే పెట్టే టీఎల్‌పీ అనే ప్రోగ్రామ్ ఉంది.

ఏ ప్రోగ్రామ్‌కి ఎన్ని వాట్లు అని పవర్‌టాప్ వేసే అంచనాలను నేను పెద్దగా నమ్మను. బ్యాటరీ చెప్పే డిశ్చార్జ్ రేటు, ప్యాకేజీ శాతాలు, ఈ రెండూ చాలు. ఏఎండీ ప్రాసెసర్లలో ప్యాకేజీ వివరాలు ఇంటెల్‌లో దొరికినంతగా దొరకవు, కాబట్టి ఆ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు దీనివల్ల సగం ఉపయోగమే. ఇంటెల్ వాళ్లకైతే నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర.