చివరి సెమిస్టర్‌లో పది రోజులా, మొదటి ఏడాది నుంచి వారానికో గంటా?

శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ పిల్లలకు ఉద్యోగం వెతుక్కోవడం నేర్పడానికి రెండు దారులు చూశాను. ఒకటి, చివరి సెమిస్టర్‌లో బయటి ట్రైనర్‌తో పది రోజుల శిక్షణ. ఖర్చు తక్కువ, టైమ్‌టేబుల్ చెడదు, ప్రిన్సిపాల్‌కీ హాయి. కానీ అరవై మంది రెజ్యూమేలు అచ్చు ఒకేలా వస్తాయి, స్పెల్లింగ్ తప్పులతో సహా.

రెండోది, మొదటి ఏడాది నుంచి వారానికో గంట. మొదట్లో విసుగే, సగం మంది బస్సు పేరు చెప్పి జారుకుంటారు. అయినా నా ఓటు దీనికే. పలాస కుర్రాడొకడు "నాకు అనుభవమేమీ లేదు సార్" అన్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే, సెలవుల్లో జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాడట: ఎన్ని బస్తాల పిక్కలు వచ్చాయి, ఎంత పప్పు దిగింది, ఏ గ్రేడు ఎన్ని కిలోలు. 'హాబీలు: క్రికెట్' కొట్టేసి ఆ మూడు లైన్లు రాయించడానికి రెండు వారాలు పట్టింది. పది రోజుల హడావిడిలో ఆ మాట బయటకే రాదు.

పైడిభీమవరం మందుల కంపెనీలకు వెళ్లే బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లదీ అంతే. టైట్రేషన్ (ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి ఇంకోదాని గాఢత తేల్చే ప్రయోగం) చేశావా అంటే చేశానంటారు; ఎండ్ పాయింట్, అంటే ఇక కలపడం ఆపాల్సిన క్షణం, ఎలా గుర్తుపట్టావంటే గొంతు తడారిపోతుంది.

ఇప్పటికే ఫైనలియర్‌లో ఉన్నవాళ్లకు పది రోజులే గతి. ఫార్మాట్లు వదిలేసి, ఆ రోజులన్నీ మాక్ ఇంటర్వ్యూలకే పెట్టండి. ఆధార్‌లో, మార్కుల మెమోలో పేరు ఒకేలా ఉందో లేదో మాత్రం మొదటి రోజే చూడండి.