యుద్ధం, ఆకలి, రెండు జపాన్ యానిమేషన్ సినిమాలు: ముందు ఏది చూడాలి?

రెండో ప్రపంచ యుద్ధం మీద జపాన్ యానిమేషన్ సినిమా ఒకటి చెప్పమంటే ఎక్కువ మంది చెప్పేది ‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’. స్టూడియో జిబ్లీ అనే జపాన్ యానిమేషన్ సంస్థ కోసం ఇసావో తకహాతా 1988లో తీశారు. నేను మాత్రం ముందు ‘ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ద వరల్డ్’ చూడమంటాను. ఇది సునావో కతబుచి 2016లో తీసిన సినిమా.

రెండింటిలోనూ యుద్ధరంగం కనిపించదు. మొదటిది కోబెలో జరుగుతుంది, రెండోది కురెలో. రెండూ ఓడరేవు ఊళ్లే, 1945లో రెండింటి మీదా అమెరికా విమానాలు నిప్పుల బాంబులు కురిపించాయి. రెండు సినిమాలూ ఇంట్లో కూర్చుని కథ చెబుతాయి, అదీ ఎక్కువగా అన్నం చుట్టూనే. అందుకే వీటిని పక్కపక్కన పెట్టి చూడబుద్ధేస్తుంది.

‘గ్రేవ్’లో పద్నాలుగేళ్ల సేతా, నాలుగేళ్ల చెల్లెలు సెత్సుకో. తల్లి బాంబు దాడిలో పోతుంది, తండ్రి నౌకాదళంలో ఉంటాడు. సేతా చనిపోతాడని సినిమా మొదటి నిమిషంలోనే చెప్పేస్తారు. ఏం జరుగుతుందో తెలిసిపోయింది కాబట్టి, ఎలా జరిగిందో చూస్తూ కూర్చోవడమే మనకు మిగులుతుంది. మిఠాయి బిళ్లల డబ్బా, సెత్సుకో మట్టితో చేసిన అన్నం ముద్దలు చాలామందికి గుర్తుండిపోతాయి. నన్ను ఇప్పటికీ వదలనిది చుట్టాలావిడ ఇంట్లో భోజనాల సీను. తల్లి కిమోనోలు అమ్మి తెచ్చిన బియ్యం అవి. మధ్యాహ్నానికి ఆవిడ తన కూతురికీ, ఇంట్లో ఉంటున్న కుర్రాడికీ గట్టి అన్నం ముద్దలు కట్టిస్తుంది. పిల్లలిద్దరికీ పల్చటి జావ. ‘అవి మా బియ్యమే కదా’ అని సెత్సుకో అడుగుతుంది.

ఆవిడ రాక్షసి కాదు. పనికి వెళ్లి దేశానికి కష్టపడేవాళ్లకే తిండి అని నమ్మే మామూలు మనిషి. అలాంటి లెక్క మన ఇళ్లలోనూ ఎవరో ఒకరు వేస్తూనే ఉంటారు. ఆ గరిటె ఎటు తిరుగుతోందో చూపించి తకహాతా యుద్ధం గురించి చెప్పాల్సిందంతా చెప్పేశారు. ఆ ఒక్క సీను వరకు ఈ సినిమాను మించింది నేను చూడలేదు.

కానీ ఆ బాధ ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వదు. సినిమా గంటన్నరే. అయినా పూర్తయ్యాక దుఃఖం తప్ప ఇంకేదీ ఆలోచించే ఓపిక ఉండదు, మళ్లీ చూడాలంటే భయమేస్తుంది.

‘కార్నర్’ అలా కాదు. హిరోషిమాకు చెందిన సుజు 1944లో పెళ్లయి కురెలో అత్తారింటికి వస్తుంది. బొమ్మలు గీయడం ఇష్టం, కాస్త పరధ్యానం. రేషన్ తగ్గుతున్నకొద్దీ గట్ల మీద కలుపు మొక్కలు కోసుకొచ్చి వండుతుంది. బియ్యం వేయించి, నానబెట్టి, ఉబ్బించి ఎక్కువ అన్నంలా కనిపించేలా చేస్తుంది. ఎంతో ఆశగా కూర్చున్న ఇంటిల్లిపాదీ మొదటి ముద్దకే మొహాలు వేలాడేస్తారు. అక్కడ హాయిగా నవ్వొస్తుంది. ఆడపడుచు విసుగు, మామగారి షిఫ్టులు, చక్కెర చీమల పాలవడం, ఇలా నెమ్మదిగా ఆ ఇల్లు మనదైపోతుంది. మొదటి అరగంట చెల్లాచెదురుగా అనిపించొచ్చు, ఓపిక పట్టండి. తెర మీద నెలలు పడుతుంటాయి. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడుతుందని మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. గిన్నెలు కడిగే సీనులో కూడా టెన్షన్ పుట్టేది అందుకే.

ఇక్కడి నుంచి కథ కొంత బయటపెట్టక తప్పదు. జూన్‌లో ఆలస్యంగా పేలిన ఒక బాంబు ఆడపడుచు కూతురు హరుమినీ, ఆ పాప చెయ్యి పట్టుకున్న సుజు కుడి చేతినీ తీసుకుపోతుంది. బొమ్మలు గీసే చెయ్యి అదే. ఆగస్టు 15న చక్రవర్తి రేడియోలో లొంగుబాటు ప్రకటిస్తాడు. ఎప్పుడూ మెత్తగా ఉండే సుజు కోపంతో వణికిపోతూ పొలంలోకి పరుగెత్తి ఏడుస్తుంది. అంతలో ఊళ్లో ఒక ఇంటి మీద, అన్నాళ్లూ జపాన్ పాలన కింద ఉన్న కొరియా జెండా లేస్తుంది. సముద్రం అవతల నుంచి వచ్చిన బియ్యం, సోయా గింజలు తినే కదా నేను ఇలా తయారయ్యాను, అందుకేనా బలప్రయోగానికి తలవంచాల్సి వస్తోంది అనుకుంటుంది. క్షణాల్లో అయిపోయే మాట.

నా తీర్పు ఆ మాట మీదే నిలబడి ఉంది. ‘గ్రేవ్’ ఆకలిని చూపించింది. ‘కార్నర్’ ఆకలిని చూపించి, ఆ పళ్లెంలోకి బియ్యం ఎవరి పొలం నుంచి వచ్చిందని కూడా అడిగింది. తమ వాళ్ల కష్టం చెప్పుకుంటూనే ఆ ప్రశ్న వేసుకోవడానికి చాలా ధైర్యం కావాలి. క్షణమే కదా, సరిపోదు అనేవాళ్లు ఉంటారు, వాళ్ల మాటలోనూ న్యాయముంది. సుజుకు తెలిసినంతే సుజు చేత అనిపించారు, అందుకే నాకు నిజమనిపించింది.

బొమ్మల సినిమా అని చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి ‘గ్రేవ్’ మాత్రం పెట్టకండి. జపాన్‌లో విడుదలైనప్పుడు దాన్ని ‘మై నైబర్ టొటొరొ’తో కలిపి వేశారు, చల్లటి పిల్లల సినిమా పక్కన ఇది! పదో తరగతి దాటిన పిల్లలతో అయితే ‘కార్నర్’ కలిసి చూడొచ్చు. ‘గ్రేవ్’ వేరే రోజు, పక్కన ఎవరైనా తోడుంటే మంచిది. రెండూ జపనీస్ ఆడియోలోనే, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. సెత్సుకోకు గొంతిచ్చింది నిజంగానే చిన్న పాప. ‘కార్నర్’కు 2019లో మరింత పొడవైన రూపం కూడా వచ్చింది, దాన్ని మాత్రం 2016 నాటిది చూశాకే పెట్టుకోండి.