ఫెలోషిప్పా, డాక్టరేటా, జట్టు శిక్షణా? కమ్యూనిటీ కాలేజీ నాయకులకు ఏది మేలు?

అమెరికాలో రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీకి శిక్షణ బడ్జెట్ చేతికొస్తే ముందు మూడు దారులుంటాయి: ఒక వైస్ ప్రెసిడెంట్‌ను ఫెలోషిప్‌కు (ఎంపికైన కొద్దిమందికి బయటి సంస్థ ఇచ్చే నాయకత్వ శిక్షణ) పంపడం, డాక్టరేట్ చేయించడం, కోచ్‌లను క్యాంపస్‌కే రప్పించి జట్టంతటికీ నేర్పించడం. చేరిన పిల్లలు చదువు పూర్తిచేసి బయటికి రావడమే లక్ష్యమైతే మా ఓటు మూడోదానికే.

డాక్టరేట్ సంగతి త్వరగా తేలిపోతుంది. ప్రెసిడెంట్, అంటే కాలేజీ అధిపతి, పదవికి చాలాచోట్ల అడుగుతారు కాబట్టి అర్హతగా పనికొస్తుంది. ఈ సెమిస్టర్‌లో ఎవరు, ఎందుకు మానేస్తున్నారో మాత్రం అది చెప్పదు.

ఫెలోషిప్ బలమైనదే. ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా సంస్థ 2016లో మొదలుపెట్టిన ఫెలోషిప్‌లో, ప్రెసిడెంట్ కాదగినవాళ్లకు అనుభవజ్ఞులైన ప్రెసిడెంట్లే మెంటార్లు. వేరే కాలేజీలు డబ్బును, మనుషులను ఎలా సర్దుకున్నాయో దగ్గరగా తెలుస్తుంది. చిక్కల్లా నేర్చుకునేది ఒక్కరే కావడం. వాళ్లు తిరిగొచ్చేసరికి గణితం డీన్, ఫైనాన్షియల్ ఎయిడ్ (విద్యార్థుల ఆర్థిక సాయం) డైరెక్టర్ పాత పద్ధతిలోనే ఉంటారు. పైగా ఆ ఫెలో మరో కాలేజీకి ప్రెసిడెంట్‌గా వెళ్లిపోతే ఫెలోషిప్ నెగ్గినట్టే, పంపిన కాలేజీకి మిగిలేది ఖాళీ కుర్చీ.

జట్టు శిక్షణకు తెలిసిన నమూనా 2004లో మొదలైన అచీవింగ్ ది డ్రీమ్ అనే కమ్యూనిటీ కాలేజీల కార్యక్రమం. అందులో కాలేజీకి నాయకత్వ కోచ్, డేటా కోచ్ వస్తారు. బల్ల చుట్టూ ప్రెసిడెంట్‌తో పాటు బోధన, విద్యార్థి సేవల వైస్ ప్రెసిడెంట్లు, డేటా అధికారి, అడ్వైజింగ్ (విద్యార్థులకు చదువు సలహాలిచ్చే విభాగం) హెడ్, గణితం, ఇంగ్లిష్ అధ్యాపకులు ఉండాలి. అధ్యాపకులను వదిలేస్తే తీర్మానం కాగితం దాటదు.

మొదటి రోజే గ్రాడ్యుయేషన్ రేటు ముందు పెట్టుకోకండి. ఫెడరల్ లెక్కల్లో ఎక్కువగా చెప్పుకునే రేటు మొదటిసారి, ఫుల్‌టైమ్‌లో చేరినవాళ్లదే. రెండేళ్ల డిగ్రీకి అది మూడేళ్ల గడువు చూస్తుంది. పార్ట్‌టైమ్ వాళ్లు అందులో కనపడరు, ఈ ఏడాది చేసిన మార్పు ఈ ఏడాది తెలియదు. దానికి బదులు మూడు లెక్కలు తీయండి: మొదటి ఏడాదిలోనే కాలేజీ స్థాయి గణితం, ఇంగ్లిష్ రెండూ పాసైనవారెందరు? 24 క్రెడిట్లు దాటినవారెందరు? రెండో ఏడాదికి తిరిగొచ్చినవారెందరు? వీటిని ఫుల్‌టైమ్, పార్ట్‌టైమ్, పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వ సాయం) వారీగా విడగొడితే జారిపోయే చోటు బయటపడుతుంది.

ఈ దారీ తప్పుతుంది. అచీవింగ్ ది డ్రీమ్‌లో మొదట చేరిన 26 కాలేజీలపై 2011లో వచ్చిన అధ్యయనంలో, డేటా చూసే అలవాటు పెరిగింది గాని విద్యార్థుల ఫలితాలు చాలావరకు అలాగే ఉన్నాయి. చాలా కార్యక్రమాలు కొద్దిమంది దగ్గరే ఆగిపోవడం ఒక పెద్ద కారణం. దీనికి భిన్నంగా, న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ కాలేజీల్లో 2007లో మొదలైన ఏసాప్ (ASAP) అనే కార్యక్రమం ఫుల్‌టైమ్ చదవాలనే షరతు పెట్టి, దగ్గరుండి చూసే అడ్వైజర్, ఫీజు లోటు భర్తీ, ప్రయాణ ఖర్చు అన్నీ ఒకేసారి ఇచ్చింది. మూడేళ్లలో 40 శాతం మంది డిగ్రీ పొందారు, పోల్చిన గుంపులో 22 శాతమే. కాబట్టి ప్రతి ప్రతిపాదనకూ జట్టు అడగాల్సిన మొదటి ప్రశ్న: కొత్తగా చేరేవారిలో ఇది ఎంతమందికి చేరుతుంది?

ఫెలోషిప్ మేలయ్యే సందర్భం ఒకటుంది. ప్రెసిడెంట్ రెండేళ్లలో రిటైరవుతూ, లోపల వారసులు సిద్ధంగా లేకపోతే దానికే వెళ్లండి. డేటా చూసే మనిషే లేని చిన్న గ్రామీణ కాలేజీ అయితే, కోచ్ కంటే ముందు ఒక విశ్లేషకుణ్ని నియమించుకోవాలి. లెక్కలు లేకుండా కోచ్ వచ్చినా ఊరికే మాట్లాడి వెళ్తాడు.