గ్రేట్ సర్కిల్ మ్యాపర్: దూరం చెప్తే నమ్మండి, టైము చెప్తే కొంచెం ఆగండి

హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎంత దూరం? గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైటులో రెండు ఎయిర్‌పోర్టుల కోడ్లు, హెచ్‌వైడీ, డీఎఫ్‌డబ్ల్యూ, మధ్యలో హైఫన్ పెట్టి కొడితే దాదాపు 14,400 కిలోమీటర్లని వస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. మ్యాపులో గీత చూసి కొత్తవాళ్లు తికమకపడతారు. పడమరకి పోవాల్సింది నేరుగా ఉత్తరానికి లేచి, ధ్రువానికి దగ్గరగా వెళ్లి అవతలి వైపు దిగుతుంది. గుండ్రటి భూమి మీద దగ్గరి దారి అదే మరి.

మనవాళ్లు ఎక్కువగా మధ్యలో విమానం మారతారు కాబట్టి దుబాయ్ కోడ్ కూడా ఇరికించి చూడండి: 2,550, ఆపైన 12,940, మొత్తం దాదాపు 15,500. చుట్టుతిరుగుడు 1,100 కిలోమీటర్లే! కోడ్ల మధ్య హైఫన్ బదులు కామా పడితే వేర్వేరు ప్రయాణాలుగా తీసుకుంటుంది. మైళ్లలో వస్తే యూనిట్లు మార్చుకోండి. నాటికల్ మైలైతే 1.852తో గుణించాలి.

ఎయిర్‌పోర్టులకి నాలుగక్షరాల కోడ్లు కూడా ఉంటాయి. అవి వాడేవాళ్లు జాగ్రత్త. వీఓహెచ్‌ఎస్ శంషాబాద్, వీఓహెచ్‌వై బేగంపేట. ఒక్కక్షరం తేడాతో 20 కిలోమీటర్ల పైన జరిగిపోతారు. ఎక్సెల్‌లో భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్థమున్న గోళంగా అనుకుని మీరే లెక్క కడితే సైటు అంకెతో కొంచెం తేడా వస్తుంది. భూమి ధ్రువాల దగ్గర నొక్కినట్టుంటుందని సైటు లెక్కలోకి తీసుకుంటుంది. మీ ఫార్ములా తీసుకోదు.

ఇక టైము. వేగం గడిలో 490 నాట్లు, అంటే గంటకి దాదాపు 907 కిలోమీటర్లు, వేస్తే సైటు భాగహారం చేసి ఇస్తుంది. అంతకుమించి ఏమీ చేయదు. 2021 జనవరి 9న ఎయిర్ ఇండియా మొదలుపెట్టిన శాన్‌ఫ్రాన్సిస్కో-బెంగళూరు విమానాన్నే తీసుకోండి. దూరం 13,993 కిలోమీటర్లు, గంటకి 900 చొప్పున పదిహేనున్నర గంటలు. షెడ్యూలు మాత్రం 9న రాత్రి 8:30కి బయల్దేరి 11న తెల్లవారుజామున 3:45కి చేరడం. గడియారం ప్రకారం 31:15 గంటలు; టైమ్‌జోన్ తేడా 13:30 తీసేస్తే 17:45. రన్‌వే దాకా పోవడం, పైకెక్కడం, దిగడం కలిపి గంట వేసినా ఇంకా గంటకు పైగా మిగులుతుంది. గాలికీ, నేరుగా పోలేని ఆకాశమార్గాలకీ ఉంచుకున్న సమయమది.

గాలి సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2016లో అదే సంస్థ ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ నుంచి పసిఫిక్ వైపు మళ్లించింది. 13,900 కాస్తా 15,300 కిలోమీటర్లయినా పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది, పాత దారికన్నా దాదాపు రెండు గంటలు ముందే. బాగా ఎత్తులో పడమర నుంచి తూర్పుకి వేగంగా వీచే జెట్‌స్ట్రీమ్ గాలి వెనక నుంచి తోసింది.

టైమ్‌జోన్ తేడా మీరే చూసుకోవాలి. పైన తీసేసిన 13:30 చలికాలం లెక్క. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా కాలిఫోర్నియాకి 12:30 తీసేయండి.