ఏది కనిపెట్టలేరో కూడా చెప్పిన తనిఖీ సంస్థ: ఒక ఎన్‌డీటీ సేవపై సమీక్ష

కార్బన్ స్టీల్ ప్రెషర్ వెసెళ్ల (లోపలి పీడనాన్ని తట్టుకునే పాత్రల) వెల్డింగ్ అతుకులను, వస్తువును పాడుచేయకుండా లోపాలు వెతికే ఎన్‌డీటీ తనిఖీలలో ఒకటైన అల్ట్రాసోనిక్ (అతిధ్వని తరంగాల) పద్ధతిలో పరీక్షించడానికి మా కర్మాగారం ఇటీవల ఒక కొత్త తనిఖీ సంస్థను నియమించుకుంది. నాణ్యతా విభాగం తరఫున వారి పనిని మొదటి నుంచి చివరి దాకా దగ్గరుండి చూశాను కాబట్టి, ఇలాంటి సేవలు తీసుకోబోయేవారికి పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. ధ్వని కిరణాన్ని కావలసిన కోణంలోకి తిప్పగల వారి ఫేజ్డ్ ఎరే పరికరం మంచిదే, కానీ అలాంటి పరికరాలు ఇప్పుడు చాలామంది దగ్గర ఉన్నాయి. ఎంత లోపాన్ని ఎంత నమ్మకంగా పట్టుకోగలరో పని మొదలుపెట్టకముందే చేసి చూపడానికి వారు ఒప్పుకోవడమే నాకు అన్నిటికన్నా నచ్చింది.

తాము కనిపెట్టిన అతి చిన్న పగులు గురించి ప్రతి సంస్థా గొప్పగా చెబుతుంది. అయితే వెసెల్ భద్రత తేలేది వారి చేతిలో తప్పించుకోగల అతి పెద్ద పగులును బట్టి. అందుకే 90 శాతం సంభావ్యతతో, 95 శాతం విశ్వాసంతో పట్టుకోగల లోప పరిమాణం ఎంతో చెప్పమని అడగాలి. ఈ మాట అనడం తేలిక, నిరూపించడం కష్టం. ఒకే పరిమాణంలో ఉన్న 29 లోపాలనిస్తే 29నీ పట్టుకోవాలి. ఒక్కటి తప్పితే మొత్తం 46 లోపాలలో 45 పట్టుకుంటే గానీ ఆ మాట నిలవదు. లోపాన్ని పట్టుకునే సంభావ్యత సరిగ్గా 90 శాతమే ఉన్న వ్యక్తి ఒక్కటీ వదలకుండా 29 పట్టుకునే అవకాశం 5 శాతం కన్నా తక్కువ కావడమే దీనికి కారణం. ఈ సంస్థ మా మందానికి, మా అతుకు ఆకారానికి సరిపోయే నమూనా పలకలపై, లోపాలు ఎక్కడున్నాయో తమ ఇన్‌స్పెక్టర్లకు తెలియనివ్వకుండా పరీక్ష పెట్టించుకుంది. లోపం లేని భాగాలను కూడా మధ్యలో కలిపి, లేనిచోట ఉందని చెప్పిన సందర్భాలను సైతం నివేదికలో చేర్చింది. అనవసరపు మరమ్మతు వల్ల మంచి అతుకు కూడా దెబ్బతింటుంది గనుక ఆ లెక్క కూడా ముఖ్యమే.

పని జరిగిన తీరులోనూ ఆ శ్రద్ధ కనిపించింది. వి1, వి2 అనే ప్రామాణిక ఉక్కు బ్లాకులపై పరికరం కొలతలను సరిచేసుకున్నాక (కాలిబ్రేషన్), షిఫ్టు మధ్యలోనూ చివరలోనూ మళ్లీ సరిచూసేవారు. తేడా వస్తే అంతకుముందు సరిచూసినప్పటి నుంచి పరీక్షించిన అతుకులన్నిటినీ తిరిగి పరీక్షించేవారు. ధ్వనిని పంపి ప్రతిధ్వనిని అందుకునే ప్రోబ్ కింద ఉండే ప్లాస్టిక్ వెడ్జ్ (వాలు దిమ్మె) వేడెక్కితే దానిలో ధ్వని వేగం తగ్గి, ఉక్కులోకి వెళ్లే కిరణం కోణం పెరుగుతుంది. అందుకని సరిచూసేటప్పుడూ అదే వేడి ఉండేలా బ్లాకును చల్లని గదిలో కాకుండా వెసెల్ పక్కనే ఉంచేవారు. వెల్డింగ్ తుంపరలు గ్రైండింగ్ చేసి తీయనిదే ప్రోబ్ పెట్టబోమని పట్టుబట్టడం మా ఉత్పత్తి విభాగానికి రుచించలేదు గానీ, నా దృష్టిలో న్యాయం వారి వైపే ఉంది.

రేడియోగ్రఫీ ఫిల్మ్‌లో ఏమీ కనిపించని ఒక అతుకులో, అంచు గోడ వెంట లోహం కలవకుండా మిగిలిపోయిన లోపాన్ని వీరు చూపించారు. గ్రైండింగ్ చేసి తెరిస్తే అది అక్కడే ఉంది. పలుచని, బల్లపరుపు లోపం ఎక్స్‌రే దిశకు అడ్డంగా గానీ ఏటవాలుగా గానీ ఉంటే ఫిల్మ్‌పై పడకపోవచ్చు. అదే లోపం ధ్వని కిరణానికి ఎదురుగా నిలిచినప్పుడు గట్టి ప్రతిధ్వని ఇస్తుంది. అంచు కోణాన్ని బట్టి కిరణం కోణం ఎంచుకుని, అతుకుకు రెండు వైపుల నుంచీ స్కాన్ చేయడం వల్లనే అది దొరికింది.

స్కానింగ్ అంతా, ప్రోబ్ ఎక్కడుందో కొలిచే ఎన్‌కోడర్‌తో నమోదవుతుంది కాబట్టి ఏ భాగం తప్పిపోయిందో తరువాత కూడా తెలుస్తుంది. ఆ రికార్డును రెండవ ఇన్‌స్పెక్టర్, మొదటివారి నిర్ణయం చూడకుండా చదువుతారు. దీన్ని చాదస్తమని కొందరు అనుకోవచ్చు. 1989లో అమెరికాలోని సూ సిటీలో కూలిన డీసీ-10 విమానంలో, ఇంజిన్ ఫ్యాన్ డిస్క్‌లోని పగులు అంతకుముందు జరిగిన ఫ్లోరోసెంట్ పెనెట్రంట్ (పగుళ్లలోకి ఇంకి మెరిసే ద్రవంతో చేసే) తనిఖీలో దొరకలేదు. ఆ ప్రమాదంలో వందమందికి పైగా చనిపోయారు. తనిఖీలో మనిషికుండే పరిమితులను తగినంతగా పట్టించుకోలేదని దర్యాప్తు తేల్చింది. అలసిన కన్నుకు తోడుగా మరో కన్నును ఉంచే సంస్థకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

లోటుపాట్లు లేకపోలేదు. నాజిల్ (వెసెల్‌కు గొట్టం కలిసే చోటు) దగ్గర ప్రోబ్ అందని, అసలు పరీక్షే జరగని భాగాల వివరం నివేదిక చివరి అనుబంధంలో ఉంది. అది మొదటి పుటలో ఉండాలి. లోపాల ఎత్తును ఒకే అంకెగా ఇచ్చారు తప్ప, అది ఎంత అటూ ఇటూ కావచ్చో రాయలేదు. పగులున్న వెసెల్ బలాన్ని లెక్కించే ఇంజినీరుకు ఆ వివరం లేని అంకెతో పెద్దగా ఉపయోగం లేదు. నివేదికలు కూడా ఒప్పుకున్న గడువు దాటాకే వచ్చాయి.

ఆస్టెనిటిక్ అనే రకం స్టెయిన్‌లెస్ స్టీల్ అతుకుల సంగతి అడిగినప్పుడు, వాటిలోని ముతక రేణువులు ధ్వనిని చెదరగొట్టి, దారి మళ్లిస్తాయనీ, కార్బన్ స్టీల్‌పై వచ్చిన ఫలితాలు వాటికి వర్తించవనీ, వేరే ప్రోబ్‌లతో మళ్లీ నమూనా పరీక్ష జరపాలనీ వారే ముందుగా చెప్పారు. ఆ పరీక్ష ఇంకా జరగలేదు కాబట్టి స్టెయిన్‌లెస్ పనిని వారికి అప్పగించలేదు. కార్బన్ స్టీల్ వెసెళ్ల తరువాతి విడతను మాత్రం, నివేదికలో నేను చెప్పిన మార్పులను షరతుగా పెట్టి, వారికే ఇచ్చాం.