లినక్స్ మింట్: పాత ల్యాప్‌టాప్‌లో నా మొదటి నెల

టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసి కంప్యూటర్‌ని నడిపే విండో) అన్న మాట వింటేనే టెన్షన్ పడే మనిషిని. ల్యాప్‌టాప్ ఆన్ కావడానికే అయిదు నిమిషాలు పడుతుంటే, ఇక పోయేదేముందిలే అని విండోస్‌కు బదులుగా వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 22, సినమన్ అనే డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్ దించుకుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను.

ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. నాకు ధైర్యం ఇచ్చింది అదే. సౌండ్, టచ్‌ప్యాడ్ వెంటనే పనిచేశాయి. వైఫై మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఆ వైఫై కార్డుకు డ్రైవర్ (దాన్ని పనిచేయించే సాఫ్ట్‌వేర్) విడిగా వేసుకోవాలట. ఇన్‌స్టాల్ అయ్యాక ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి, ఫోన్ ఇంటర్నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, డ్రైవర్ మేనేజర్ తెరిచాను. సరైన డ్రైవర్‌ని అదే వెతికి చూపించింది. రీస్టార్ట్ చేశాక వైఫై గుర్తు కనపడితే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ మొత్తం చెరిపేసే ఆప్షన్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఫొటోలు ముందే కాపీ చేసుకున్నాను కాబట్టి బతికిపోయాను. సిస్టమ్ స్థితిని దాచిపెట్టే టైమ్‌షిఫ్ట్ కూడా మొదటి రోజే సెట్ చేసుకోండి, ఏదైనా కెలికితే సిస్టమ్‌ని వెనక్కి తెచ్చుకోవచ్చు. అది సొంత ఫైళ్లకు బ్యాకప్ కాదు సుమా.

4 జీబీ ర్యామ్‌తో రోజువారీ పనులు సాఫీగానే సాగుతున్నాయి, బ్రౌజర్‌లో ట్యాబులు పది దాటితే తప్ప. అప్‌డేట్లు 2029 దాకా వస్తాయి. టెర్మినల్ ఇప్పటికి రెండే సార్లు తెరిచాను, అందులో ఒకటి పొరపాటున.